షుగర్ బోర్డర్‌లో ఉన్నవాళ్ళకి నడక కొలెస్ట్రాల్‌ని ఏం చేస్తుంది

(విజయవాడలో ఉదయపు నడకకి వచ్చేవాళ్ళ కోసం జరిగిన ఆరోగ్య సభలో చేసిన ప్రసంగం. చివర సభికుల ప్రశ్నలు, జవాబులు.)

అందరికీ నమస్కారం. ఎండెక్కేలోగా ముగించాలి కాబట్టి నేరుగా విషయంలోకి వస్తాను.

మీలో చాలామంది ఫైల్లో రెండు కాగితాలు ఉంటాయి. ఒకటి షుగర్ రిపోర్టు, రెండోది లిపిడ్ ప్రొఫైల్, అంటే రక్తంలో కొవ్వుల పరీక్ష. మొదటిది చూసి "బోర్డర్‌లో ఉందంట, ఇంకా రాలేదులే" అని ఊపిరి పీల్చుకుంటాం. రెండోదాంట్లో ఎల్‌డీఎల్, అంటే చెడ్డ కొలెస్ట్రాల్ అనేది, ఒక్కటి చూసి, ఎర్ర గీత లేకపోతే మడిచి లోపల పెట్టేస్తాం. ఆ రెండు కాగితాలూ ఒకే గొడవ గురించి చెబుతున్నాయండి. దాన్ని విడదీసి చూస్తున్నాం కాబట్టే, నడక మొదలుపెట్టిన మూడు నెలలకి రిపోర్టు తెచ్చుకుని "కొలెస్ట్రాల్ ఏమీ తగ్గలేదు, ఇదంతా దండగ" అని మానేసేవాళ్ళు ఎక్కువయ్యారు. అలా మానేయకూడదు, ఎందుకు మానేయకూడదో లెక్కతో సహా చూపించాలనే ఈ ఉదయం ఇక్కడ నిలబడ్డాను.

ముందు బోర్డర్ అంటే ఏమిటో తేల్చుకుందాం. పరగడుపున షుగర్ 100 నుంచి 125 మధ్య ఉండటం, లేదా 75 గ్రాముల గ్లూకోజు తాగాక రెండు గంటలకి 140 నుంచి 199 మధ్య ఉండటం, లేదా గత రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ 5.7 నుంచి 6.4 శాతం ఉండటం. ప్రపంచ ఆరోగ్య సంస్థ పరగడుపు అంకెని 110 నుంచి లెక్కేస్తుంది, అందుకే ఒక డాక్టరుగారు బోర్డర్ అంటే ఇంకొకరు పర్లేదు అనొచ్చు. 2023లో వచ్చిన ఐసీఎంఆర్ ఇండియాబ్ సర్వే ప్రకారం మన దేశంలో షుగర్ ఉన్నవాళ్ళు 10 కోట్ల పైచిలుకైతే, బోర్డర్‌లో ఉన్నవాళ్ళు 13 కోట్ల 60 లక్షలు. అంటే షుగర్ వచ్చినవాళ్ళ కంటే వాకిట్లో నిలబడ్డవాళ్ళే ఎక్కువ.

ఇప్పుడు ఒక రిపోర్టు ఊహించుకోండి. మొత్తం కొలెస్ట్రాల్ 200. హెచ్‌డీఎల్, అంటే మనం మంచి కొలెస్ట్రాల్ అనేది, 36. ట్రైగ్లిజరైడ్స్, అంటే రక్తంలో తిరిగే ఇంకో రకం కొవ్వు, 240. ఎల్‌డీఎల్ 116. బోర్డర్ షుగర్ ఉన్నవాళ్ళలో ఎక్కువగా కనిపించే అచ్చు ఇదే. ట్రైగ్లిజరైడ్స్ పైన, హెచ్‌డీఎల్ కింద, ఎల్‌డీఎల్ చూస్తే మరీ అంత భయంగా ఉండదు. ఈ అంకెలు గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వీటి దగ్గరికే వస్తాం.

ఇలా ఎందుకు జరుగుతుంది? మన ఆటోనగర్ లారీలనే తీసుకుందాం. లివర్ ఒక గోడౌను. అది కొవ్వుని లారీలకెత్తి రక్తంలోకి పంపుతుంది. ఆ లారీల పేరు వీఎల్‌డీఎల్, వాటిలో సరుకు ట్రైగ్లిజరైడ్స్. ఆ సరుకు దిగాల్సిన చోటు కండరాలు, కొవ్వు పొర. కండరాల్లోని సన్నటి రక్తనాళాల గోడల మీద ఒక ఎంజైము ఉంటుంది, లైపోప్రోటీన్ లైపేజ్ అంటారు. అదే మన హమాలీ. లారీ వచ్చి ఆగితే హమాలీ సరుకు దించుతాడు, కండరం దాన్ని కాల్చుకుంటుంది. సరుకు దిగి చిన్నదైన లారీయే చివరికి ఎల్‌డీఎల్ అవుతుంది.

బోర్డర్ షుగర్ అంటే ఒంట్లో ఇన్సులిన్ ఉంది గానీ దాని మాట సరిగ్గా చెల్లడం లేదు. మామూలుగా అన్నం తిన్నాక ఇన్సులిన్ కొవ్వు కణాలకి "ఇక కొవ్వు వదలొద్దు" అని ఆపేస్తుంది. ఆ మాట చెల్లకపోతే, ముఖ్యంగా పొట్ట చుట్టూ ఉన్న కొవ్వు రాత్రీపగలూ కరిగి లివర్‌కి చేరుతూనే ఉంటుంది. గోడౌను నిండిపోతుంది. అదే మీ స్కానింగ్‌లో ఫ్యాటీ లివర్ అని రాసేది. నిండిన గోడౌను ఇంకా ఎక్కువ లారీలని రోడ్డెక్కిస్తుంది. అటు కండరాల దగ్గర హమాలీలు తక్కువ. సరుకు దిగదు, బెంజి సర్కిల్లో సాయంత్రంలా లారీలు రక్తంలోనే నిలబడిపోతాయి. ట్రైగ్లిజరైడ్స్ 240 అంటే ఆ ట్రాఫిక్ జామే.

ఇక్కడ ఇంకో పని జరుగుతుంది, చాలామందికి తెలియనిది ఇదే. కదలకుండా నిలబడ్డ లారీలు పక్కన వెళ్తున్న హెచ్‌డీఎల్‌తో సరుకు మార్చుకుంటాయి. తమ ట్రైగ్లిజరైడ్స్ కొంత దానికిచ్చి, దాని దగ్గరున్న కొలెస్ట్రాల్ తీసుకుంటాయి. అలా ట్రైగ్లిజరైడ్స్‌తో బరువెక్కిన హెచ్‌డీఎల్‌ని లివర్‌లోని ఇంకో ఎంజైము త్వరగా విరిచేస్తుంది, మిగిలింది ఒంట్లోంచి తొందరగా వెళ్ళిపోతుంది. హెచ్‌డీఎల్ 36కి పడిపోయింది అందుకే. ఎల్‌డీఎల్‌కీ అదే గతి. సరుకు మార్చుకుని, విరిగి, చిన్నగా, గట్టిగా తయారవుతుంది. రిపోర్టులో ఎల్‌డీఎల్ అంకె దాని లోపలి కొలెస్ట్రాల్ బరువు చెబుతుంది, రేణువులు ఎన్ని ఉన్నాయో చెప్పదు. 116 అనే బరువుని పెద్ద రేణువులు కొన్ని మోయొచ్చు, చిన్న రేణువులు చాలా మోయొచ్చు. రక్తనాళం గోడలోకి దూరేది రేణువు కాబట్టి సంఖ్య ముఖ్యం. బోర్డర్ షుగర్ ఉన్నవాళ్ళు 116 చూసి నిశ్చింతగా ఉండకూడదు అనేది ఇందుకే.

ఇప్పుడు నడక ఎక్కడ పని చేస్తుందో మీకే తెలిసిపోతుంది. నడిస్తే కండరం హమాలీలని పెంచుకుంటుంది. నడక అయిన వెంటనే కాదు, కొన్ని గంటల తర్వాత ఆ ఎంజైము పెరగడం మొదలవుతుంది, ఒకటి రెండు రోజులు ఉంటుంది, తర్వాత మళ్ళీ తగ్గిపోతుంది. హమాలీలు రోజు కూలీ మీద వచ్చేవాళ్ళు అనుకోండి. నెల జీతం ముందే ఇచ్చి పెట్టుకోవడం కుదరదు. అందుకే ఆదివారం ఒక్కరోజు రెండు గంటలు నడిచి మిగతా ఆరు రోజులు కూర్చుంటే, మంగళవారానికి ఆ లాభం పోతుంది. వరసగా రెండు రోజులకి మించి నడక ఆపొద్దు అని చెప్పేది దీనికే. రాత్రి పెళ్ళి భోజనం ఉందనుకోండి, ఆ ఉదయమో ముందురోజు సాయంత్రమో గంట నడిచినవాళ్ళకి, నడవనివాళ్ళకంటే ఆ భోజనం తర్వాత ట్రైగ్లిజరైడ్స్ తక్కువ పెరుగుతాయి. నడకతో పాటే ఇంకోటి, కదిలే కండరం ఇన్సులిన్ సాయం లేకుండానే కొంత గ్లూకోజు లాక్కుంటుంది. ఒకే పనితో రెండు కాగితాలూ మారతాయి.

ఎంత మారతాయి? ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. ట్రైగ్లిజరైడ్స్ మొదట తగ్గుతాయి, ఎక్కువగా ఉన్నవాళ్ళకి ఎక్కువ తగ్గుతాయి. 150 దాటినవాళ్ళలో నడక ఒక్కదాంతోనే 10 నుంచి 20 శాతం దాకా తగ్గడం మామూలే. హెచ్‌డీఎల్ నెమ్మది. 2007లో 25 ప్రయోగాలని కలిపి లెక్కేస్తే సగటున పెరిగింది రెండున్నర మిల్లీగ్రాములే. అదీ వారానికి కనీసం 120 నిమిషాలు, లేదా 900 క్యాలరీలు ఖర్చయ్యేంత వ్యాయామం చేస్తేనే. ఆ లెక్కలో ఇంకో సంగతి తేలింది. హెచ్‌డీఎల్ పెరుగుదలకి ఎంత గట్టిగా చేశారు, వారానికి ఎన్నిసార్లు చేశారు అన్నదానికంటే, ఒక్కో విడత ఎంతసేపు చేశారన్నదానితో సంబంధం ఎక్కువ. ఇక ఎల్‌డీఎల్ అంకె, బరువు తగ్గకుండా నడక ఒక్కదాంతో దాదాపు కదలదు.

ఈ చివరి మాట దగ్గరే అందరూ నీరసపడతారు. అమెరికాలో డ్యూక్ విశ్వవిద్యాలయం వాళ్ళు స్ట్రైడ్ అనే ప్రయోగం చేసి 2002లో ఫలితాలు ప్రచురించారు. కొందరిని నడిపించారు, కొందరిని తక్కువ దూరం, కొందరిని ఎక్కువ దూరం పరిగెత్తించారు. ఎవరికీ ఎల్‌డీఎల్ మొత్తం అంకె పెద్దగా మారలేదు. లోపల చూస్తే చిన్న, గట్టి రేణువులు తగ్గాయి, రేణువు సగటు పరిమాణం పెరిగింది. ఆ మేలు ఎక్కువ దూరం చేసినవాళ్ళలో ఎక్కువ. వేగం కంటే మొత్తం దూరానికే దానితో సంబంధం బలంగా కనిపించింది. అదే ఏడాది వచ్చిన డీపీపీ అనే పెద్ద ప్రయోగంలో 3,234 మంది బోర్డర్ షుగర్ వాళ్ళని తీసుకున్నారు. ఆహారం మార్చి, వారానికి 150 నిమిషాలు చురుగ్గా నడిచి, బరువు 7 శాతం తగ్గాలని లక్ష్యం పెట్టుకున్న గుంపులో షుగర్ రావడం 58 శాతం తగ్గింది. మెట్‌ఫార్మిన్ అనే షుగర్ బిళ్ళ వేసుకున్నవాళ్ళలో 31 శాతం. ఆ నడిచిన గుంపులో కూడా ట్రైగ్లిజరైడ్స్ తగ్గాయి, హెచ్‌డీఎల్ పెరిగింది, ఎల్‌డీఎల్ మొత్తం అంకెలో మాత్రం మిగతా గుంపులకీ వీళ్ళకీ చెప్పుకోదగ్గ తేడా రాలేదు. మనవాళ్ళ మీద చెన్నైలో జరిగి 2006లో వచ్చిన ప్రయోగంలో జీవనశైలి మార్పుతో షుగర్ రావడం 28.5 శాతం తగ్గింది. అంకె చిన్నదిగా అనిపించొచ్చు, అక్కడ మెట్‌ఫార్మిన్ ఇచ్చినా అంతకంటే ఎక్కువ రాలేదు.

సరే, మన రిపోర్టుకి వద్దాం. మూడు నెలలు బుద్ధిగా నడిచారు. ట్రైగ్లిజరైడ్స్ 240 నుంచి 190కి దిగాయి. హెచ్‌డీఎల్ 36 నుంచి 38 అయింది. మొత్తం కొలెస్ట్రాల్ 200 నుంచి 194. ఎల్‌డీఎల్ ఎంత వచ్చి ఉంటుంది? చాలా ల్యాబుల్లో ఎల్‌డీఎల్‌ని నేరుగా కొలవరండి, లెక్కగడతారు. మొత్తంలోంచి హెచ్‌డీఎల్ తీసేసి, ట్రైగ్లిజరైడ్స్‌ని ఐదుతో భాగించి అదీ తీసేస్తారు. మొదటిసారి: 200లోంచి 36 తీసి, 240ని ఐదుతో భాగిస్తే వచ్చే 48 తీస్తే, 116. ఇప్పుడు: 194లోంచి 38, మళ్ళీ 190ని భాగిస్తే వచ్చే 38 తీయండి. 118! నడిచినందుకు చెడ్డ కొలెస్ట్రాల్ రెండు పెరిగింది! ఇంట్లోవాళ్ళు కూడా "ఏం నడిచావో ఏమో" అంటారు. నిజానికి లెక్కలో తీసేసే భాగం చిన్నదైంది, అంతే.

అందుకే నడక ఫలితం చూసుకోవాలంటే ఎల్‌డీఎల్ దగ్గర మొదలుపెట్టకండి. మొత్తంలోంచి హెచ్‌డీఎల్ తీసేయండి, మిగిలింది నాన్ హెచ్‌డీఎల్. ముందు 164 ఉంది, ఇప్పుడు 156. రక్తనాళాలకి హాని చేసే లారీలన్నీ, పెద్దవీ చిన్నవీ, అందులోకే వస్తాయి. ఆ అంకె తగ్గింది, ట్రైగ్లిజరైడ్స్ తగ్గాయి. నడక పని చేసింది. ట్రైగ్లిజరైడ్స్ 400 దాటితే మాత్రం ఆ భాగించే లెక్క అసలు చెల్లదు, అప్పుడు ఎల్‌డీఎల్‌ని నేరుగా కొలిపించాలి.

ఇప్పుడు నడక ఎలా ఉండాలి. ఓ మోస్తరు వ్యాయామం అంటే, నడుస్తూ పక్కవాళ్ళతో రెండు మూడు వాక్యాలు మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. పాట పాడగలుగుతున్నారంటే అది షికారు. మాట మధ్యలోనే ఊపిరి తెగుతోందంటే మోతాదు మించింది. ఇంకో కొలత, నిమిషానికి 100 అడుగులు. 15 సెకన్లు లెక్కపెట్టుకోండి, 25 అడుగులు పడాలి. 400 మీటర్ల ట్రాక్ మీదైతే ఒక రౌండు నాలుగున్నర నిమిషాల్లో తిరగాలి. మన ప్రకాశం బ్యారేజీ పొడవు దాదాపు 1.2 కిలోమీటర్లు. ఈ కొస నుంచి ఆ కొసకి వెళ్ళి తిరిగి రావడానికి 27 నిమిషాలు పడితే మీది సరైన నడక. 40 నిమిషాలు పట్టిందంటే మధ్యలో కృష్ణమ్మని చూస్తూ ఆగారన్నమాట. ఆగండి, తప్పు లేదు, ఆ సమయాన్ని నడకలో కలపకండి. నాడి చూసుకునేవాళ్ళు 220లోంచి వయసు తీసేసి, అందులో 64 నుంచి 76 శాతం మధ్య ఉంచుకోవాలి. 50 ఏళ్ళవాళ్ళకి అది 109 నుంచి 129. బీపీకో గుండెకో బీటా బ్లాకర్ మందు వాడేవాళ్ళకి నాడి అంత పెరగదు, వాళ్ళు మాట పరీక్షనే నమ్ముకోవాలి.

మన పార్కుల్లో కనిపించే పెద్ద లోపం గుంపు నడక. ఆరుగురు కలిసి బయల్దేరతారు, అందరికంటే నెమ్మదిగా నడిచేవాళ్ళ వేగమే అందరి వేగం అవుతుంది. రాజకీయం వేడెక్కిన చోటల్లా గుంపు ఆగుతుంది. స్నేహం చాలా మంచిది, అది లేకపోతే రెండో వారానికే మానేస్తాం. ముందు 30 నిమిషాలు ఎవరి వేగంతో వాళ్ళు నడవండి, ఆఖరి పది నిమిషాలు అందరూ కలిసి నెమ్మదిగా నడుస్తూ మాట్లాడుకోండి. చల్లబడటానికి ఆ నెమ్మది నడక ఎలాగూ కావాలి.

కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు మొదటి వారం 15 నిమిషాలు, ఐదు రోజులు. రెండో వారం 20. ఆ తర్వాత వారానికో ఐదు నిమిషాలు కలుపుకుంటూ పోతే ఆరో వారానికి 40 నిమిషాలకి చేరతారు. ముందు నిమిషాలు పెంచండి, వేగం సంగతి తర్వాత. మొదటిరోజే ఉత్సాహంగా గంట నడిచినవాళ్ళకి మడమ నొప్పో పిక్క పట్టేయడమో వచ్చి పది రోజులు మంచానికి అంటుకుపోతారు. వారానికి 150 నిమిషాలు కనీసం అనుకోండి, చాలు అనుకోకండి. డ్యూక్ వాళ్ళే తర్వాత బోర్డర్ షుగర్ ఉన్నవాళ్ళ మీద ఆరు నెలల ప్రయోగం చేసి 2016లో ప్రచురించారు. వారానికి సుమారు 22 కిలోమీటర్లు చురుగ్గా నడిచినవాళ్ళకి, అంతే దూరం గట్టిగా పరిగెత్తినవాళ్ళకంటే గ్లూకోజు తాగాక చేసే షుగర్ పరీక్ష ఎక్కువ మెరుగైంది. మన వేగంలో ఆ 22 కిలోమీటర్లంటే వారానికి ఆరు రోజులు, రోజుకి 40 నిమిషాల పైచిలుకు. భారతీయులకి రోజుకి మొత్తం 60 నిమిషాల కదలిక కావాలని మన వైద్య నిపుణులు 2012లో సిఫారసు చేశారు. అందులో 30 నిమిషాలు ఇలాంటి నడక, 15 నిమిషాలు పనిలో కదలిక, 15 నిమిషాలు కండరాలకి బలమిచ్చే కసరత్తు.

ఆ చివరి 15 నిమిషాలని మనవాళ్ళు పూర్తిగా వదిలేస్తున్నారు. హమాలీలు ఉండేది కండరంలో అని చెప్పాను కదా. కండరం కరిగిపోతే హమాలీలు నిలబడటానికి చోటే ఉండదు. వారానికి రెండు మూడు రోజులు, చేతులు వాడకుండా కుర్చీలోంచి లేచి కూర్చోవడం పన్నెండుసార్లు, గోడకి చేతులానించి తోయడం పన్నెండుసార్లు, చేతికో లీటరు నీళ్ళ సీసా పట్టుకుని పైకెత్తడం పన్నెండుసార్లు. మధ్యలో నిమిషం ఆగి మొత్తం మూడుసార్లు. ఎత్తేటప్పుడు ఊపిరి బిగబట్టొద్దు, బీపీ పెరుగుతుంది.

అన్నం తిన్నాక నడక గురించి. మన ఇళ్ళలో రాత్రి భోజనం తొమ్మిదిన్నరకి, పదింటికి నిద్ర. షుగర్ పెరిగే సమయం, ట్రైగ్లిజరైడ్స్ పెరిగే సమయం అంతా పడకలోనే గడుస్తుంది. షుగర్ వచ్చే ముప్పు ఉన్న పెద్దవయసువాళ్ళలో పరీక్షించి చూశారు. మూడు పూటలా భోజనం తర్వాత 15 నిమిషాల చొప్పున నడిస్తే, ఒకేసారి 45 నిమిషాలు నడిచినంత ఫలితం రోజంతటి షుగర్ మీద వచ్చింది. రాత్రి భోజనం తర్వాత షుగర్ విషయంలోనైతే దానికంటే మెరుగ్గా వచ్చింది. ఎనిమిదింటికల్లా తిని, డాబా మీదో అపార్టుమెంటు కారిడార్‌లోనో 15 నిమిషాలు తిరగండి. ఏప్రిల్, మే నెలల్లో మన విజయవాడ, గుంటూరు ఎండలకి ఉదయం ఆరున్నర దాటితే నడక క్షేమం కాదు, ఆ రోజుల్లో ఈ రాత్రి నడకే ఆదుకుంటుంది. ఉక్కపోతలో నాడి మామూలు కంటే ఎక్కువ కొట్టుకుంటుంది, వేగం తగ్గించుకోండి, నీళ్ళు తాగండి.

మగవాళ్ళకీ ఆడవాళ్ళకీ తేడా ఉందా అని చాలామంది అడుగుతారు. కొలతల్లోనే ఉంది. హెచ్‌డీఎల్ మగవాళ్ళకి 40కి తగ్గకూడదు, ఆడవాళ్ళకి 50కి తగ్గకూడదు. 44 ఉన్న ఆవిడ రిపోర్టు చూసి "40 దాటింది కదా" అని పక్కన పెట్టేయడం తరచూ జరిగే పొరపాటు. నడుము చుట్టుకొలత మనవాళ్ళలో మగవాళ్ళకి 90 సెంటీమీటర్లు, ఆడవాళ్ళకి 80 దాటకూడదు. టేపు బొడ్డు మీద కాదు, ఆఖరి పక్కటెముకకీ తుంటి ఎముకకీ మధ్యన పెట్టి, గాలి వదిలాక కొలవాలి.

మగవాళ్ళలో సాధారణంగా ట్రైగ్లిజరైడ్స్ ఎక్కువ, పొట్ట ఎక్కువ, కాబట్టి నడక మొదలుపెట్టగానే తగ్గుదల కాగితం మీద కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఆడవాళ్ళకి ముట్లు ఆగేదాకా ఈస్ట్రోజెన్ కాపలా ఉంటుంది, హెచ్‌డీఎల్ మొదటే ఎక్కువ, కాబట్టి పెరగడానికి మిగిలిన చోటు తక్కువ. దాంతో "మా ఆయనకి తగ్గింది, నాకు తగ్గలేదు" అని నిరుత్సాహపడతారు. అమ్మా, తల్లీ, అది మీ నడక లోపం కాదు. ముట్లు ఆగే వయసులో ఎల్‌డీఎల్ దానంతటదే పెరుగుతుంది. ఆ రెండు మూడేళ్ళు అంకె పెరగకుండా ఉన్నచోట ఉన్నా నడక గెలిచినట్టే. ఇన్సులిన్ మాట చెల్లని ఒంట్లో ఆ ఈస్ట్రోజెన్ కాపలా కూడా బలహీనపడుతుంది. "ఆడవాళ్ళకి గుండెపోటు రాదులే" అనే ధీమా షుగర్ వైపు వెళ్తున్నవాళ్ళకి పనికిరాదు. గర్భంతో ఉన్నప్పుడు షుగర్ వచ్చి తగ్గిపోయినవాళ్ళు, పీసీఓఎస్ (హార్మోన్ల తేడాతో నెలసరి గతి తప్పే సమస్య) ఉన్నవాళ్ళు ఏటా ఈ రెండు పరీక్షలూ చేయించుకోవాలి.

ఇంటిపని వ్యాయామమేనా? పొద్దున్నుంచీ కాళ్ళ మీదే ఉంటున్నారు, ఒప్పుకుంటాను. వంట, గిన్నెలు, సర్దడం ఎక్కువభాగం తేలికపాటి కదలిక. ఊపిరి పెరిగేంత వేగం ఆపకుండా పది నిమిషాలు ఉండదు. అలసట వస్తుంది, హమాలీలు పెరగరు. పైగా ఉదయం ఐదున్నర నుంచి ఎనిమిది దాకా వంటింటిని వదలలేరు, ఊరంతా నడిచే సమయం అదే. ఇక్కడ కూర్చున్న మగవాళ్ళకి ఒక మనవి. వారానికి మూడు రోజులు మీరు ఇంట్లో ఉండి టిఫిన్ పని చూడండి, ఆవిణ్ణి నడవనివ్వండి. మందు చీటీలో రాయదగ్గ మాట ఇది.

చేసిందంతా పాడయ్యేది ఎక్కడో కూడా చెప్పాలి. 70 కిలోల మనిషి అరగంట చురుగ్గా నడిస్తే ఖర్చయ్యేది 120 క్యాలరీల పైచిలుకు. నడక అవగానే పార్కు గేటు దగ్గర పెద్ద గ్లాసు చెరుకురసం తాగితే అది తిరిగి వచ్చేసినట్టే. ప్లేటు పునుగులు తింటే అప్పు మిగులుతుంది. అందులోనూ చెరుకురసం, పళ్ళరసాల్లోని చక్కెర నేరుగా లివర్ గోడౌనుకే చేరి ట్రైగ్లిజరైడ్స్‌గా మారుతుంది. మద్యం కూడా అంతే, "కొంచెం తాగితే హెచ్‌డీఎల్ పెరుగుతుంది" అనే మాట పట్టుకుని వేలాడకండి. హెచ్‌డీఎల్ అంకెని మందులతో పెంచి చూసిన పెద్ద ప్రయోగాల్లో చాలావాటిలో గుండెపోట్లు తగ్గలేదు. ఆ అంకె ఎలా పెరిగిందన్నది ముఖ్యం.

బరువు తగ్గుతున్నవాళ్ళని ఇంకోటి కంగారు పెడుతుంది. చకచకా బరువు తగ్గే నెలల్లో హెచ్‌డీఎల్ కాస్త కిందికి దిగుతుంది. తగ్గిన బరువు నిలకడపడ్డాక మళ్ళీ పెరిగి, తగ్గిన ప్రతి కిలోకి మూడోవంతు మిల్లీగ్రాము చొప్పున మొదటికంటే పైకి వెళ్తుంది. కాబట్టి మధ్యలో చేయించి భయపడకండి.

రక్తం ఎప్పుడివ్వాలి? మొదలుపెట్టేముందు ఒకసారి, 12 వారాలకి ఒకసారి. రెండుసార్లూ ఒకే ల్యాబు, ఒకే సమయం, 10 నుంచి 12 గంటల పరగడుపు. ముందు రెండు మూడు రోజులు మద్యం, విందులు వద్దు. జ్వరం వచ్చి తగ్గాక రెండు మూడు వారాలు ఆగండి. నిలబడి ఉండగా రక్తం చిక్కబడి అంకెలు పైకి చూపిస్తాయి, ల్యాబులో పది నిమిషాలు కూర్చున్నాకే ఇవ్వండి. ట్రైగ్లిజరైడ్స్ ఏ కారణం లేకుండానే రోజుకీ రోజుకీ 20 శాతం అటూ ఇటూ ఊగుతాయి. 190 వచ్చాక వారానికి 205 వస్తే అది పెరగడం కాదు.

నడకతో సరిపెట్టుకోకూడనివాళ్ళు కొందరున్నారు. ఎల్‌డీఎల్ 190 దాటిందంటే అది పుట్టుకతో వచ్చినది కావొచ్చు, మందు తప్పదు, ఇంట్లో పిల్లలకి కూడా చూపించాలి. ట్రైగ్లిజరైడ్స్ 500 దాటితే పాంక్రియాస్‌కే (క్లోమ గ్రంథికే) ప్రమాదం, ముందు డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. నడుస్తుంటే ఛాతీ మధ్యలో బరువు, దవడకో ఎడమ చేతికో పాకే నొప్పి, మామూలుగా లేని ఆయాసం, చెమటలు వచ్చాయంటే ఆ క్షణమే ఆపి ఆస్పత్రికి వెళ్ళండి. గ్యాస్ అనుకుని ఇంటికెళ్ళి సోడా తాగి పడుకోవద్దు.

ప్రశ్నలు అడగండి.

ఒక సభికుడు: ఏడాదిగా రోజూ గంట నడుస్తున్నానండి. ట్రైగ్లిజరైడ్స్ తగ్గాయి. ఎల్‌డీఎల్ మాత్రం 150 దగ్గరే ఆగింది. డాక్టరుగారు కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మందు రాశారు. అది వేసుకుంటే షుగర్ వస్తుందంటున్నారు, నిజమేనా?

షుగర్‌ని కొద్దిగా పెంచే గుణం దానికి ఉంది, బోర్డర్‌లో ఉన్నవాళ్ళలో అది కనిపించొచ్చు. గుండెపోటుని ఆపే లాభం దానికంటే చాలా పెద్దది కాబట్టే రాస్తారు. మీ నడక చేయగల పని చేసేసింది. ఎల్‌డీఎల్ మీద పని చేసేవి వేరే. ముందు టీఎస్‌హెచ్ అనే థైరాయిడ్ పరీక్ష చేయించుకోండి, థైరాయిడ్ మందగిస్తే ఎల్‌డీఎల్ పెరుగుతుంది. నెయ్యి, వెన్న, పామాయిల్, డాల్డా వేసిన బేకరీ సరుకు, కొవ్వున్న మాంసం తగ్గించండి. పప్పులు, చిక్కుళ్ళు, ఓట్స్, బార్లీ పెంచండి. ఇవన్నీ చేసినా అక్కడే ఉంటే మందు వేసుకోవాలి, నడక ఆపకూడదు. మందు మొదలుపెట్టాక రెండు తొడలూ ఒకేలా నొప్పి పెడుతుంటే, మీరే ఆపేయకుండా రాసినవారికి చెప్పండి, మోతాదో రకమో మారుస్తారు.

ఒక సభికురాలు: యోగా చేస్తే నడకకి బదులవుతుందాండి?

నెమ్మదిగా ఆసనాలు వేయడం తేలికపాటి కదలికే అమ్మా. మనసుకి, కీళ్ళకి మంచిది. సూర్యనమస్కారాలు ఆపకుండా, ఊపిరి పెరిగేంత వేగంతో చేస్తే ఆ నిమిషాలు నడక నిమిషాల్లో కలుపుకోవచ్చు. మాట పరీక్షే ఇక్కడా కొలత.

ఇంకొక సభికురాలు: నాకు మోకాళ్ళు నొప్పులండి. పదిహేను నిమిషాలు దాటితే వాస్తాయి. ఇంద్రకీలాద్రి మెట్లు ఎక్కితే మంచిదని మా వదినగారు అంటున్నారు.

మెట్లు ఎక్కడం కంటే దిగడం మోకాలికి భారం. దర్శనానికి వెళ్ళండి, వ్యాయామం కోసం మెట్లు వద్దు. పది నిమిషాల చొప్పున రోజుకి మూడుసార్లు, సిమెంటు రోడ్డు మీద కాకుండా మట్టి దారిలో, మెత్తటి అడుగున్న బూట్లతో నడవండి. చెప్పులు జారి మోకాలు మెలిపడుతుంది. ఇంట్లో నిలబెట్టిన సైకిలు ఉంటే సీటు ఎత్తు చూసుకోండి. తొక్కుడు కిందికి వెళ్ళినప్పుడు మోకాలు కొంచెం మాత్రమే వంగి ఉండాలి, సీటు కిందికి ఉంటే నొప్పి పెరుగుతుంది. రోజూ రెండుపూటలా కుర్చీలో కూర్చుని ఒక్కో కాలు నిటారుగా చాపి, ఐదు లెక్కపెట్టేదాకా ఉంచి, దించండి. కాలికి పదిసార్లు. తొడ ముందు కండరం గట్టిపడితే మోకాలి మీద బరువు తగ్గుతుంది. ఆరు వారాలు ఇది చేశాక నడకకి ఒక్కో ఐదు నిమిషాలు కలపండి. ఏ రోజైనా మోకాలు ఎర్రబడి వేడిగా ఉంటే ఆ రోజు కాలికి విశ్రాంతినిచ్చి, చేతుల కసరత్తు చేయండి.